ఇంజన్ ఆపే చోటు

పులిహోర గుజ్జులోకి పచ్చిమిరపకాయ వెయ్యాలా, ఎండుమిరపకాయా అని వెంకటనర్సమ్మ అడగ్గానే మంగతాయారుకి సంగతి తెలిసిపోయింది.

అంతకుముందు వెంకటనర్సమ్మ చాలాసేపు వేరే మాటలు మాట్లాడింది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తున్నాయనీ, మల్లాపూర్ వైపు రోడ్డు తవ్వి అలాగే వదిలేశారనీ, చంద్రయ్య మోకాలికి ఏఎస్ రావు నగర్ డాక్టరు పట్టీ ఇస్తే అది బిగుతైందని విప్పి పడేశాడనీ చెప్పింది. చెబుతూ చెబుతూ, అప్పుడే గుర్తొచ్చినట్టు, కాలనీలో భజన ఉందనీ, తన వంతుకి పులిహోర వచ్చిందనీ, అది రెండు రోజులు ఆగాలంటే ఎలా చెయ్యాలనీ అడిగింది.

భజనలో పంచే పులిహోర ఆ పూటే అయిపోతుంది. రెండు రోజులు ఆగాల్సిన పులిహోర వాళ్ల మూడిళ్లలోనూ ఒక్కదానికే చేస్తారు. బోటుకి.

మంగతాయారు ఏమీ ఎరగనట్టే జవాబు చెప్పింది. పచ్చిమిర్చి వద్దంది, అది తొందరగా పాడుచేస్తుంది. ఎండుమిర్చే వెయ్యాలి, నువ్వుల నూనెలో గుజ్జు దగ్గరపడి నూనె పైకి తేలేదాకా కదపాలి, చల్లారాక గిన్నెకి ఎత్తి, పైన ఇంకో గరిటెడు నూనె పొయ్యాలి. అంతా చెప్పి, వెంకటనర్సమ్మ ముఖం చూసింది. వెంకటనర్సమ్మ నేలకేసి చూస్తోంది.

"నీకెందుకు నర్సమ్మా ఈ తంటా, నేనే చేసి ఇస్తాలే."

"వద్దక్కా. ఈ ఏడాది మీ ఇంట్ల పులిహోర కలుపుతరా?"

"పండక్కి కాదుగా. భజనకే కదా."

భజనకే అన్నట్టు తలూపింది వెంకటనర్సమ్మ. అబద్ధమాడటం అలవాటు లేని మనిషి. ఇచ్చిన కాఫీ సగం తాగి, కప్పు తనే కడిగిపెట్టి వెళ్లిపోయింది.

*

ఈ మూడిళ్ల స్నేహం కంపెనీ బస్సులో మొదలైంది. మంగతాయారు భర్త అచ్యుతరావు డిజైన్ సెక్షన్‌లో, వెంకటనర్సమ్మ భర్త చంద్రయ్య మెషిన్ షాపులో, నీరజ భర్త బసవరాజు స్టోర్స్‌లో పనిచేసేవారు. లోపల ఒకరి పనితో ఒకరికి సంబంధం లేదు. బస్సులో మాత్రం వెనక సీటు ఆ ముగ్గురిదీ. అచ్యుతరావుది రాజోలు దగ్గర పల్లె. నాచారంలో బస్సెక్కింది మొదలు కంపెనీ గేటుదాకా గోదావరి గొప్పలే చెప్పేవాడు. ఒకనాడు చంద్రయ్యకి విసుగొచ్చి, గంత గొప్పగుంటే తోల్కపోరాదు అన్నాడట. అచ్యుతరావు ఆ ఆదివారమే నర్సాపురం రైలుకి ఆరు టిక్కెట్లు కొనుక్కొచ్చాడు.

అప్పటినుంచీ ఏటా మాఘమాసంలో బోటు ప్రయాణం. నర్సాపురం రేవులో అచ్యుతరావుతో చదువుకున్నాయన మరబోటు ఉండేది. చేపలకి తిరిగే బోటే. వీళ్లు వచ్చే రోజున కడిగించి, పైన టార్పాలిన్ కట్టించి, ప్లాస్టిక్ కుర్చీలు తాళ్లతో బిగించేవాడు. ఆ గోదావరి పాయలో లంకలు దాటుకుంటూ, మడచెట్ల మధ్యనుంచి, అంతర్వేది దగ్గర నది సముద్రంలో కలిసే చోటుదాకా వెళ్లి రావడం. ఒక్కో ఇంటినుంచీ ఒక్కో వంటకం. వెంకటనర్సమ్మ సకినాలు తెచ్చేది, నీరజ జొన్నరొట్టెలూ పల్లీల పొడీ తెచ్చేది. మంగతాయారు ఇంటినుంచి గుజ్జు. అన్నం బోటులోనే, బోటు నడిపే సరంగు వండేవాడు. వేడన్నంలో గుజ్జు కలిపి అరిటాకుల్లో పెట్టేసరికి బోటు సముద్రం దగ్గరికి వచ్చేది.

మొదటిసారి చంద్రయ్య బోటు నడిమధ్యన కూర్చుని అటూ ఇటూ చెక్కల్ని రెండు చేతులా పట్టుకున్నాడు. జనగామ అవతల ఊరి వాగు తప్ప ఇంకో నీరు చూడని మనిషి. గోదావరి ఎలా ఉందిరా అని అచ్యుతరావు అడిగితే, ఒడ్డు ఏ దిక్కున్నదో జెప్పు, గటే సూస్త అన్నాడు.

నదీ సముద్రమూ కలిసే చోట అచ్యుతరావు ఇంజన్ ఆపించేవాడు. అక్కడ ఎవరూ మాట్లాడకూడదు. అది ఆయన పెట్టిన నియమం. ఆపాక బోటు కాసేపు ఎటూ కదలదు. తర్వాత నెమ్మదిగా దానంతటదే ముక్కు తిప్పుతుంది. నీరు తీసే పాటు ఉంటే సముద్రం వైపు, నీరెక్కే పోటు ఉంటే ఊరి వైపు. అది తిరిగేదాకా ఊరికే చూస్తూ ఉండాలి. మొదటి ఏడు అందరూ అలా ఊపిరి బిగబట్టి చూస్తుంటే, చంద్రయ్య గొంతు తగ్గించి, డీజిల్ అయిపోయిందా ఏంది, అన్నాడు. సరంగుతో సహా అందరూ నవ్వారు. అచ్యుతరావు నవ్వి నవ్వి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ప్రతి ఏడూ ఆ చోట ఎవరో ఒకరు ఆ మాట అనాల్సిందే. అనకపోతే ప్రయాణం పూర్తయినట్టు ఉండేది కాదు.

పోయిన వానాకాలంలో అచ్యుతరావు పోయాడు. గుండె. స్నానానికి వెళ్తూ తువ్వాలు అడిగాడు. ఆమె ఇచ్చేసరికి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

కూతురు మనస్విని ఒక్కతే కావడంతో, మరిది కొడుకు హృషికేశ్ కర్మ చేశాడు. అస్థికలు అంతర్వేదికి తీసుకెళ్లాడు. ఆ బోటు మీదే. ఆడవాళ్లెవరూ వెళ్లలేదు, ఆ వాడుక లేదు. తిరిగొచ్చాక, ఎక్కడ కలిపావు నాయనా అని మంగతాయారు అడిగింది. అక్కడే పెద్దమ్మా, నీళ్లలో అన్నాడు. ఇంజన్ ఆపే చోటా అని అడగాలనుకుంది. అప్పటికే ఆ పిల్లవాడు చెప్పులు వేసుకుంటున్నాడు.

ఆ నీళ్లు ఒక్కసారి చూడాలి. ఇన్ని నెలలుగా ఆమెకి ఉన్న కోరిక అదొక్కటే. వేరే ఎవరితోనో, కారు మాట్లాడుకుని, ఒడ్డున నిలబడి చూడటం కాదు. వాళ్లందరితో, ఆ టార్పాలిన్ కింద, ఆ ఇంజన్ మోతలో వెళ్లి, అది ఆగాక చూడాలి.

తనని ఎందుకు పిలవలేదో ఆమెకి తెలుసు. రెండేళ్ల కిందట చంద్రయ్య తల్లి పోయింది. ఆ మాఘంలో చంద్రయ్య బోటుకి సంచి సర్దుకున్నాడు. అప్పుడు వద్దన్నది మంగతాయారే. ఏడాది వెళ్లేదాకా ఏరు దాటకూడదు, వినోదాలకి వెళ్లకూడదు, తెలిసి తెలిసి తప్పు చెయ్యడం ఎందుకని చెప్పింది. ముహూర్తాలూ మైలలూ సూతకాలూ, ఏది వచ్చినా మూడిళ్లవాళ్లూ ఆమెనే అడుగుతారు. చంద్రయ్య సంచి విప్పేశాడు. ఆ ఏడు నాలుగు కుర్చీలే కట్టారు.

ఆ నియమమే ఇప్పుడు ఆమె గుమ్మంలో నిలబడింది. వాళ్లు ఆమెని మరిచిపోలేదు. ఆమె మాటకి విలువిచ్చి ఆమెని వదిలేశారు. తన పద్ధతులన్నీ తెలిసిన మనుషులు తనని పిలిచి నొప్పించకూడదనుకున్నారు. పిలవనందుకు కోపం తెచ్చుకోవడానికి కూడా ఆమెకి దారిలేదు.

*

మర్నాడు పొద్దున్నే చింతపండు నానబెట్టింది. ఆయన పోయాక ఆ ఇంట్లో పోపు ఘుమఘుమలాడటం అదే మొదలు. ఇంగువ వాసన వరండాలోకి వెళ్లి, పక్క ఫ్లాటు రాములమ్మ తలుపు తీసి చూసి, ఏమీ అడక్కుండా మళ్లీ వేసుకుంది. మంగతాయారు ఉప్పు రుచి చూసింది. ఉప్పు సరిపోయింది, బెల్లం కాస్త తక్కువైంది. ఆయనకి అలాగే ఇష్టం. ఇంకో ముక్క వేద్దామని డబ్బా తీసి, వెయ్యకుండానే మూతపెట్టింది.

గుజ్జు చల్లారేలోపు స్టూలు వేసుకుని అటక మీది చిన్న ఎయిర్‌బ్యాగు దించింది. లోపల పోయిన మాఘం నాటి ఇసుక కొంచెం, ఆయన ఎండటోపీ ఉన్నాయి. బ్యాగు దులిపింది. అందులో ఏమీ సర్దలేదు. టోపీ మళ్లీ లోపలే పెట్టి, బ్యాగు మంచం మీద ఉంచింది.

ఎక్కడ కలుస్తారో, ఎప్పుడు బయల్దేరతారో ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రతి ఏడూ నీరజ ఇంటి దగ్గరే కలుస్తారు, ఉప్పల్ బీరప్పగడ్డలో. అక్కణ్ణుంచి సికింద్రాబాద్ స్టేషన్‌కి. మధ్యాహ్నం వెంకటనర్సమ్మ ఫోన్ చేసి, ప్రశాంత్‌ని పంపిస్త, గుజ్జు ఇయ్యండక్కా అంది. ప్రశాంత్ ఆమె కొడుకు. మంగతాయారు తను అటే వెళ్తున్నానంది, నీరజ ఇంట్లో ఇచ్చేస్తానంది. సరే అక్కా అంది వెంకటనర్సమ్మ.

స్టీలు టిఫిను గిన్నెని గుడ్డలో మూటకట్టి ఆటో ఎక్కింది. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆటో చాలాసేపు ఆగింది. ఒళ్లో గిన్నె ఇంకా గోరువెచ్చగా ఉంది. ఏమని అడగాలో మనసులో కూర్చుకుంది. "నాకూ ఒక కుర్చీ కట్టించండి" అంటే చాలు. అంతకంటే ఏమీ అక్కర్లేదు. కట్టుబాటు దాటడం తప్పే అయినా, ఆ తప్పు తనే మోస్తానని చెప్పాలి. ఇంతకాలం అందరికీ నియమాలు చెప్పిన మనిషి ఒక్కసారి తప్పితే దేవుడు ఏమనుకుంటాడో ఆయనకే వదిలేద్దామనుకుంది.

నీరజ ఇంటి గేటు దగ్గర మంగతాయారు ఆగిపోయింది. ఏడాది లోపు ఎవరి గడపా తొక్కకూడదని అదీ తన నోటితో చెప్పిందే. నీరజ మెట్లు దిగి బయటికే వచ్చింది. లోపలికి రమ్మనలేదు. రమ్మంటే ఇబ్బంది పెట్టినట్టవుతుందని కాబోలు. గిన్నె అందుకుని, ఇంత దూరం మీరెందుకు వచ్చిన్రు మంగక్కా అంది. ఆమె వెనక వరండాలో సంచులు వరసగా ఉన్నాయి. వాటిలో ఒక ఎర్ర సూట్‌కేసు కొత్తది, హ్యాండిల్‌కి ఇంకా ప్లాస్టిక్ కవరు ఉంది. నీరజ కూతురు సాయి ప్రియది. కార్తీకంలో పెళ్లయింది. ఆ పెళ్లికీ మంగతాయారు వెళ్లలేదు. అక్షింతలు మాత్రం మనస్విని చేతికి ఇచ్చి పంపింది.

"పిల్లలు కూడా వస్తున్నారా?"

"అవునక్కా. మా అల్లుడు తేజేష్ గోదావరి ఎన్నడు సూడలేదంట. మా ఆయనే తోల్కపోదాం అన్నడు."

ఇద్దరికీ మధ్య భజన మాట రాలేదు. దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు, అది దానంతటదే పోయింది.

"నీరజా, నాకూ ఒక కుర్చీ ఉంటుందా?"

అనుకున్నట్టు గట్టిగా రాలేదు మాట. పక్కింటి వాళ్లని చిటికెడు పసుపు అడిగినట్టు వచ్చింది. నీరజ చేతుల్లో గిన్నెని ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకుంది. లోపలినుంచి సాయి ప్రియ గొంతు వినిపించింది, ఎవరమ్మా అని. నీరజ ఒక్కసారి వెనక్కి చూసింది. ఎక్కువసేపు కాదు. తలుపువైపు చూసి మళ్లీ ఇటు తిరిగింది, అంతే.

"మీరే గదక్కా చెప్పిన్రు, ఏడాది దాటేదాంక ఏరు దాటొద్దని. చంద్రయ్యన్న కూడ ఆగిండు గద."

నీరజ చెప్పింది అబద్ధం కాదు. కానీ చెప్పనిది ఆ చూపులో ఉంది. కొత్తగా పెళ్లైన పిల్ల, మొదటి ప్రయాణం, అదే బోటులో ఎదురుగా నుదుటి మీద బొట్టు లేని మనిషి. మంగతాయారుకి నీరజ మీద కోపం రాలేదు. తన మనస్వినికి పెళ్లైన కొత్తలో తనైనా ఇలాగే తలుపు వైపు చూసి ఉండేది.

"అవును, నేనే చెప్పాను" అంది. "పైనున్న నూనె వంపెయ్యకండి. అన్నం వేడిగా ఉండగానే కలపండి."

నీరజ కళ్లలో నీళ్లు తిరిగాయి. మంగతాయారు ఆమె చేతి మీద ఒకసారి తట్టి, గేటు తనే మూసి, మెట్రో స్తంభాల నీడ వెంబడి ఆటో స్టాండ్ దాకా నడిచింది. ఇంటికి వచ్చి, మంచం మీది బ్యాగు అటక మీదికి ఎత్తలేదు. చేతులు రాలేదు. మంచం కిందికి తోసింది.

*

మర్నాడు మనస్విని మేడిపల్లి నుంచి వచ్చింది. ఫ్లైఓవర్ స్తంభాల కింద బస్సు ఎంతసేపు ఆగిందో చెబుతూ తల దువ్వుకుంటోంది. మంగతాయారు వింటున్నట్టే కూర్చుంది. అన్నం ఉడికి ఉంటుంది. గుజ్జు కలిపి ఉంటారు. లంకలు దాటి ఉంటారు.

ఫోన్ మోగింది. చంద్రయ్య నంబరు. ఎత్తితే మాట లేదు, ఇంజన్ మోత. ఆ మోత చెవిలో పడగానే మంగతాయారు లేచి నిలబడింది. అచ్యుతరావు ఎప్పుడూ చెప్పేవాడు, ఆ శబ్దానికి తాళం ఉందని, మూడో దెబ్బ తడబడుతుందని. తడబడింది. గాలి, టార్పాలిన్ కొట్టుకోవడం, ఎక్కడో సాయి ప్రియ నవ్వు. తర్వాత ఇంజన్ దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది.

"వదినా" అన్నాడు చంద్రయ్య, చాలా మెల్లగా. "ఇంజన్ బంద్ జేసినం."

తర్వాత ఎవరూ మాట్లాడలేదు. నియమం ప్రకారం. నీళ్లు చెక్కకి తగులుతున్న చప్పుడు మాత్రం వచ్చింది, పిల్లి పాలు తాగుతున్నట్టు. మనస్విని ఎవరమ్మా అనబోతే మంగతాయారు చెయ్యెత్తి ఆపింది. వంటింటి కిటికీలోంచి ఎదుటి అపార్ట్‌మెంటు నీళ్ల ట్యాంకూ, దానిమీద ఆరేసిన దుప్పటీ కనిపిస్తున్నాయి. ఆమె వాటినే చూస్తూ నిలబడింది. బోటు ఇంకా తిరిగి ఉండదు. ఎటు తిరుగుతుందో. ఎవరో ఒకరు ఆ మాట అనాలి. అంటారని ఎదురుచూసింది. చంద్రయ్య అనలేదు. బసవరాజు అనలేదు. నీళ్ల చప్పుడు అలాగే వస్తోంది, ఆ మాట ఎవరి నోటినుంచీ రావడం లేదు.

"డీజిల్ అయిపోయిందా ఏంటి, అన్నయ్యగారూ" అంది మంగతాయారు.

అవతల ఏదో కదిలింది. ఎవరో ముక్కు చీదినట్టో, కుర్చీ జరిగినట్టో. ఆ తర్వాత చప్పుడన్నదే లేదు. ఫోన్ తీసి చూస్తే లైను తెగి ఉంది. అక్కడ సిగ్నల్ ఎప్పుడూ అంతే. తన మాట వాళ్లదాకా వెళ్లిందో, మధ్యలో ఆగిందో తెలియలేదు.

*

తిరిగొచ్చిన రెండో రోజు వెంకటనర్సమ్మ వచ్చింది. గిన్నె తెచ్చింది. అది బరువుగా ఉంది, రెండు చేతులతో పట్టుకుని మెట్లెక్కింది. కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది. పులిహోర కలిపారు కానీ పిల్లలే తిన్నారు, పెద్దవాళ్లకి ముద్ద దిగలేదు. ముందు చెక్క మీద, అచ్యుతరావు కూర్చునే చోట, ఎవరూ కూర్చోలేదు. తేజేష్ కూర్చోబోతే బసవరాజు జబ్బ పట్టుకుని ఇవతలికి లాగాడు.

"మీ మాట వినొచ్చిందక్కా. అందరికి. ఫోను మైకు మీద పెట్టినం."

మంగతాయారు మంచినీళ్ల గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"నీరజ మస్తు ఏడ్సింది. బసవరాజన్న ఏమన్లే. బోటు తిరిగినంక, ఇగ చాలు అన్నడు. ఇగ మనం రావొద్దు, గిదే ఆఖరి అన్నడు. మా ఆయన కూడ గట్లనే అన్నడు."

ఏడాది వెళ్లాక వెళ్దామని మంగతాయారు మనసులో పెట్టుకున్న మాట అక్కడితో పోయింది. వచ్చే మాఘానికి తనకి అడ్డు ఉండదు. కానీ ఎక్కడానికి బోటు ఉండదు. ఫోన్‌లో తను అన్న ఒక్క మాటే దాన్ని ఆపింది. ఆయనా తనూ ఆ బోటులో లేరన్న సంగతి ఆ మాటే వాళ్ల ముందు పెట్టిందని ఆమెకి తెలుసు, ఆ మాట అనకుండా ఉండగలిగేది కాదనీ తెలుసు.

"బోటు ఎటు తిరిగింది నర్సమ్మా?"

"సముద్రం దిక్కే తిరిగిందక్కా."

వెళ్లేటప్పుడు వెంకటనర్సమ్మ గిన్నె ఆమె చేతిలో పెట్టింది. ఖాళీ గిన్నె ఇయ్యొద్దంటరు గద అంది. మిఠాయి పెడదామని చూసిందట. మీ ఇంటికి ఇప్పుడు మిఠాయి తేవొచ్చో తేవొద్దో తెలియలేదు, అడుగుదామంటే ఇట్లాంటివి అడగాల్సింది మిమ్మల్నే అంది. అందుకని ఇంజన్ ఆపిన చోట గిన్నె కడిగి, వంగి ముంచి తెచ్చింది. రైల్లో రాత్రంతా ఒళ్లో పెట్టుకుంది, తొణకకుండా.

ఆమె వెళ్లాక మంగతాయారు మూత తీసింది. అంచుకి రెండు వేళ్లు తక్కువగా నీళ్లు. అడుగున చిటికెడు ఇసుక. కడిగినా పోని ఇంగువ వాసన. వేలు ముంచి నాలుకకి రాసుకుంది. ఉప్పు.

వీటిని ఎక్కడ పొయ్యాలి. తులసి కుండీలో పోస్తే ఉప్పుకి చెట్టు చచ్చిపోతుంది. సింకులో పోసే నీళ్లు కావు. నాచారం చెరువు గుర్రపుడెక్కతో నిండి ఉంది, అందులో కలపడానికి ఆమెకి మనసొప్పదు. అడగడానికి ఎవరూ లేరు. ఇలాంటివి అందరూ తననే అడుగుతారు.

స్టీలుని ఉప్పు తినేస్తుంది, ఇంకా ఉంచితే గిన్నెకి మచ్చలు పడతాయి. ఆమె లేచి, ఆవకాయకని కడిగి ఎండబెట్టి ఉంచిన చిన్న జాడీ తీసింది. గిన్నె వంచి, చుక్క కింద పడకుండా, ఇసుకతో సహా అందులోకి పోసింది. మూత పెట్టి, తెల్లటి గుడ్డ చదరంగా చించి, పైన కప్పి, దారంతో మూడు చుట్లు చుట్టింది. తర్వాత గిన్నెని మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, బోర్లించింది.